కండ్లు మూసుకొని వినే మనిషి

మా అరుగు మీద ఒకప్పుడు చాటలు పట్టకపోయేటియి. మధ్యాహ్నం తిండి తిని, గిన్నెలు బోర్లించి, వాడల ఆడోళ్లందరు చాటలు పట్టుకొని వచ్చేటోళ్లు. చాటల తడిపిన తునికాకు, తంబాకు, కత్తెర, దారం ఉండ. ముందొచ్చినోళ్లకు నీడ, ఎనుకొచ్చినోళ్లకు మెట్లు. బీడీలు చేసే పనికి చేతులు కావాలె, నడుము కావాలె. చెవులు మాత్రం ఖాళీగ ఉంటయి. ఆ ఖాళీ చెవుల కోసమే నేను పేపర్ చదివేటోన్ని. పైకి, గట్టిగ, మొదటి పేజి కాన్నుంచి ఆఖరి పేజి దాక.

ఇప్పుడు ఆ అరుగు ఖాళీ.

నేను బడి మొఖం సూసినోన్ని కాదు. మా బాపు మగ్గం నేస్తుంటె పక్కన కూసుండి కండెలు చుట్టేటోన్ని. అక్షరాలు నాకు కిరాణా దుకాణంల దొరికినయి. అప్పట్ల ఉప్పయినా పప్పయినా పాత పేపర్ల పొట్లం గట్టి ఇచ్చేటోళ్లు. ఇంటికొచ్చి సామాను డబ్బల పోసి, కాయితం మోకాలు మీద సాపు చేసుకొని, తెల్లారి దుకాణానికి పట్టుకపోయి "సేటూ, గీ కొమ్మున్నదాన్ని ఏమంటరు, గీ సున్న పెట్టినదాన్ని ఏమంటరు" అని అడిగేటోన్ని. ఆయన తూకం వేసుకుంటనే చెప్పేటోడు. యాష్టకొస్తె తిట్టేటోడు, తిట్టుకుంటనే చెప్పేటోడు. అట్ల నాకు చదువొచ్చింది.

పొట్లం కాయితంతోని ఒక కష్టమున్నది. వార్త సగమే ఉంటది. ఒకపారి ఒక కాయితం మీద, ఎక్కడ్నో వాగు పొంగి బస్సు చిక్కుకున్నదని, జనం బస్సు కప్పు మీదికి ఎక్కిన్రని ఉన్నది. అక్కడికి కాయితం చినిగింది. వాళ్లు బతికిన్రా, కొట్టుకపోయిన్రా? మిగిలిన ముక్క ఎవరింట్ల మిరపకాయల పొట్లమైందో. నాకు అన్నం సయించలే. దుకాణానికి ఉరికి ఆ కట్ట మొత్తం తిరగేసిన. దొరకలే. ఇన్నేండ్లయినా ఆ జనం నాకు ఆ కప్పు మీద అట్లనే నిలబడి ఉన్నరు. సగం కాయితం పట్టుకొని మిగిలిన సగం కోసం తిరిగిన మనిషిని నేను. ఇయ్యాల లోకం మొత్తం సగం ముక్కల మీదనే బతుకుతున్నది, మిగిలిన సగమేదని అడిగే మనిషి లేడు. ముసలోడు ఊకెనే కోపానికొస్తడని మా కోడలు అంటది. ఊకెనే కాదు. దీనికే.

చేతి మగ్గాలు పోయి మా దిక్కు సాంచాలు వచ్చినయి. కరెంటు మీద నడిచే మగ్గాలను మేం సాంచాలంటం. రేకుల షెడ్డుల అవన్ని ఒక్కపారి కొట్టుకుంటుంటె పక్కోనికి ఒక మాట చెప్పాలన్నా అరవాలె. ఏండ్లకేండ్లు అరిచినంక గొంతు గట్లనే ఉండిపోతది. ఇంటికొచ్చి మంచినీళ్లడిగినా కొట్లాటకొచ్చినట్టే ఉంటది. మా వాడల అందరియి గవే గొంతులు గనుక మాకు ఎన్నడు ఎబ్బెట్టు అనిపియ్యలే. నేను రాత్రి పాళీ చేసి, జర పండుకొని లేచి, మధ్యాహ్నం అరుగు మీద పేపర్ ఇప్పేటోన్ని. ఒక నియమం పెట్టుకున్న. ముందుగాల ఒక్కన్నే చదువుకోవద్దు. అందరు కూసున్నంకనే మడత ఇప్పాలె. ఇంకొకటి గూడ ఉన్నది. ఉన్నది ఉన్నట్టు చదవాలె. నచ్చలేదని దాచుడు లేదు, బాగుంటదని కలుపుడు లేదు. చదువురాని మనిషి ముందట పేపర్ చదువుడంటె ఆమె చెయ్యి పట్టుకొని వాగు దాటిచ్చినట్టు. అడ్డం తిప్పితె ఆమెకు తెల్వది.

వాళ్లు గూడ ఊకె కూసునేటోళ్లు కాదు. ఫలానా పెద్దమనిషి మా ఊరికి రోడ్డు మాటిచ్చిండని చదివితె "ఇచ్చిండు తీయ్, పోయినేడు గూడ ఇచ్చిండు" అని ఒకామె. "రోడ్డు మీద గాదు, నోటి మీద నడువుమంటడు" అని ఇంకొకామె. ఎక్కడ్నో దూరం ఊర్ల ఒక కోడల్ని చంపిన కేసు కోర్టుల నెలలకు నెలలు నడిచింది. నేను కూసోంగనే "ఇయ్యాల ఏమైంది" అని అడిగేటోళ్లు. ఏం రాలేదంటె నా మీదనే కోపం, "సక్కగ సూడలే నువ్వు, మల్ల సూడు" అని. తీర్పు వచ్చిన దినం కత్తెరలన్ని ఒక్కపారి ఆగినయి. శిక్ష పడ్డదని చదివిన. ఒకామె "గా పిల్ల తల్లికి ఎవలన్న పోయి చెప్పిన్రో లేదో" అన్నది. ఎన్నడు సూడని ఊరు, ఎన్నడు సూడని పిల్ల. వార్త అంటె ఆ దినాలల్ల గంత దూరం పోయి వచ్చేది మనిషి మనసు.

టీవీలు వచ్చినప్పుడు సగం మంది తగ్గిన్రు. అయినా టీవీకి ఒక టైము ఉండేది. సీరియల్ అయిపోంగనే చాట పట్టుకొని వచ్చేటోళ్లు. ఫోన్ వచ్చినంక పోయినోళ్లు చెప్పి పోలే. ఒకామె తంబాకు డబ్బకు ఫోన్ ఆనిచ్చి పెట్టుకొని తన గడప మీదనే కూసున్నది. తెల్లారి ఇంకొకామె. కొన్నాళ్లకు గల్లీ పొడుగునా ఎవరి గడప మీద వాళ్లు, ఎవరి చాటల వాళ్ల ఫోన్. పిలిస్తె నవ్వుతరు. "నీది నిన్నటి వార్తనాయె మామా, మా దాంట్ల గిప్పుడే వచ్చింది." ఏం వచ్చిందని అడిగితె చెప్పలేరు. అది అప్పటికే పోయింది, ఇంకొకటి వచ్చింది. మా ఇంటామె ఉన్నన్ని దినాలు ఆమె విన్నది. ఆమె పోయినంక మా వదినె ఒక్కతే మిగిలింది.

వదినె అంటె మా అన్న భార్య. అన్న పోయి చాలా ఏండ్లయింది. మా రెండిండ్లకు నడుమ ఒక్కటే గోడ. ఆమె కొడుకు గల్ఫుల పని చేస్తడు. కోడలు పిల్లల చదువుల కోసం కరీంనగర్ల కిరాయికి ఉంటది. వదినె పుట్టిల్లు ఆసిఫాబాద్ దిక్కు, అడివి అంచుకు. వాళ్ల మాటల మరాఠీ కలుస్తది. మా దిక్కు కథ వినేటోళ్లు "ఊఁ" అంటరు, ఆమె అమ్మో అన్నట్టు "ఆయీగ!" అంటది. పెండ్లయి వచ్చినప్పుడు అందరు ఎక్కిరించిన్రు. ఆమె మాత్రం ఆ ముక్క ఇడువలే.

ఆమె వినే తీరే వేరు. నేను మొదలుపెట్టంగనే కండ్లు మూసుకుంటది. చేతులు ఆగవు. ఆకు చేతికి అందుతది, కత్తెర ఆడుతది, చిటికెడు తంబాకు పడుతది, వేలు తిరుగుతది, దారం చుట్టుకుంటది, బీడీ చాటల పడుతది. కండ్లు మాత్రం మూసే ఉంటయి. ఒకపారి అడిగిన.

"వేలు తెగదా వదినె?"

"చేతులకు తోవ తెలుసు మర్దీ. కండ్లు తెరిస్తె నువ్వు కనపడుతవ్. మూసుకుంటె నువ్వు చదివేది కనపడుతది."

"నేను కనపడితె ఏమైతది?"

"ఏమున్నది సూసుడు, గవే మీసాలు."

మా కొడుకు, కోడలు పొద్దుగాలనే పనికి పోతరు. మధ్యాహ్నం ఇంట్ల ఎవ్వలుండరు. వదినె వచ్చి గోడకు ఒరిగి కూసుండి కండ్లు మూసుకుంటె నాకు అరుగు నిండినట్టే ఉండేది. ఆమె ఒక్కతి వింటె సాలు, నేను వందమందికి చదివినట్టు చదివేటోన్ని.

పోయిన చలికాలం, పత్తి ఏరే దినాలు. మహారాష్ట్ర అడివిల నుంచి ఒక పులి నది దాటి ఆసిఫాబాద్ దిక్కు వచ్చిందని, పత్తి చేన్లల్ల తిరుగుతున్నదని పేపర్ల పెద్దగ వచ్చింది. వదినె పుట్టింటి దిక్కు. నేను చదువుతున్న, ఆమె కండ్లు మూసుకొని ఆ చేన్లెంబడి నడుస్తున్నది. ఒక వాగు పేరు రాంగనే, "ఆయీగ! గా వాగుల నేను బట్టలు ఉతికిన మర్దీ" అన్నది, కండ్లు తెరువకుంటనే. లేగదూడను గుంజుకపోయిందన్న కాడ ఆమె పెదవి వణికింది. చేతుల బీడీ మాత్రం వంకర పోలే.

ఆ దినం ఆమె మనుమరాలు, గల్ఫుల ఉన్న కొడుకు బిడ్డ, సెలవులకు వచ్చి ఉన్నది. డిగ్రీ చదువుతది, మంచి పిల్ల, నాయినమ్మ అంటె పానం. ఫోన్ నిలువుగ పట్టుకొని మా ఎదురుంగ నిలబడ్డది. ఫోన్ల ఏదో సూసుకుంటున్నదనుకొని నేను చదువుడు ఆపి గయ్యిమన్న.

"ఓ పిల్లా! పులి పత్తి చేన్ల జొచ్చిందని నేను చదువుతుంటె, నువ్వు ఫోన్ల జొచ్చినవా?"

"అయ్యో తాతా, ఫోన్ సూస్తలేను, నిన్నే తీస్తున్న!"

"నన్నెందుకు?"

"మా తాత పేపర్ చదివితె ఎట్లుంటదో మా దోస్తులకు సూపిద్దామని."

నాకు సంబురమే అయింది. సూపియ్యి బిడ్డా అన్న. ఆ పిల్ల అక్కడనే కూసుండి వేలుతోని అటిటు జరిపింది. "మూడు నిమిషాలున్నది తాతా, గింత పొడుగు ఎవ్వలు సూడరు. జర కోస్త."

"ఎక్కడ కోస్తవ్? మొదలా, ఎనుకనా?"

"రెండు దిక్కుల."

నేసినోన్ని కదా, బట్ట ఎక్కడ కొయ్యాల్నో నాకు ఎరుక. చీర నడుమ కోస్తె రెండు చీరలు కావు, రెండు పీలికలైతయి. చెప్తె ఆ పిల్ల నవ్వింది. దాని తప్పేం లేదు. అది కోసింది గూడ ప్రేమగనే కోసింది. కని తీసేటప్పుడు మా మొఖాలే దగ్గరికి గుంజి తీసింది. ఫోన్ల నా మొఖం పట్టింది, వదినె మొఖం పట్టింది. చాట పట్టలే. చేతులు పట్టలే.

ఆ పిల్ల దాన్ని తన దోస్తులకని పెట్టింది. దాన్ని ఎవడో తీసుకున్నడు. ఎవడో మాకు ఇప్పటికి తెల్వది, ఏ ఊరోడో గూడ తెల్వది. నా చదువు మొత్తం తీసేసిండు. పులి జొచ్చిందన్న నా అరుపొకటి ఉంచిండు, వదినె మూసుకున్న కండ్లు ఉంచిండు. ఒక దిక్కు పులి గాండ్రింపు పెట్టిండు, ఇంకొక దిక్కు గురక పెట్టిండు. గురక ఆమెది కాదు. ఎక్కడ్నో దొరికే గురక.

నాకు అది చౌరస్తా కాడి చాయ్ హోటల్ల తెలిసింది. నేను పోంగనే నలుగురు నవ్విన్రు. ఒకడు ఫోన్ నా ముక్కు కాడ పెట్టిండు.

"ఏం పెద్దాయనా, నీ పేపర్ చదువుడు నిద్ర గోలీ లెక్క పనిచేస్తున్నదట!"

"మా ఇంట్ల పిల్లగాడు పండుకుంటలేడు, జర వచ్చి చదువరాదు" అని ఇంకొకడు.

నేను మూడుసార్లు సూసిన. "ఆమె చేతులేవి?" అని అడిగిన.

"ఏం చేతులు?"

"బీడీలు చేసే చేతులు. అవి కనపడితె నిద్రపోయిందంటరా ఎవలన్న? నిద్రల బీడీ చేసే మనిషిని సూసిన్రా మీరు?"

"గురక సూసి నవ్వాలె గని చేతులెందుకు పెద్దాయనా" అన్నడు ఫోన్ వాడు. వాని తల్లి గూడ బీడీలే చేసి వాన్ని పెంచింది. మా అరుగు మీద ఆమె కూసునే జాగ గూడ నాకు యాదికున్నది.

నేను వదినెకు చెప్పలే. ఆమెది బటన్ ఫోన్. దాంట్ల బొమ్మలు రావు. నాలుగు దినాలైతె లోకం ఇంకొకదాని ఎనుకపడి దీన్ని మర్సిపోతదనుకున్న. లోకం మర్సిపోయేదే. కని మా పేపర్ మర్సిపోనియ్యలే.

ఎప్పటిలెక్కనే మధ్యాహ్నం వదినె వచ్చి కూసున్నది. ఎప్పటిలెక్కనే నేను ఆమె ముందట మడత ఇప్పిన. నేను ఇంకా చదువుడు మొదలుపెట్టలేదు గనుక ఆమె కండ్లు ఇంకా మూసుకోలే. మడతల నుంచి జారిన జిల్లా పేజి మీద, నడుమ, చదరపు గడిల ఒక బొమ్మ. కండ్లు మూసుకున్న ముసలామె మొఖం. నేను పేజి తిప్పేలోపల ఆమె సూడనే సూసింది.

"మర్దీ, గా బొమ్మ నాదే గదా?"

నేను బొమ్మ మీద చెయ్యి పెట్టిన.

"నాదే. గా ముక్కుపుల్ల నాదే. పేపర్ల నా బొమ్మెందుకు ఏసిన్రు? చదువు."

"ఏదో సరదాకు ఏసిన్రు వదినె, ఇడిసిపెట్టు."

"నువ్వెన్నడన్న ఒక ముక్క ఇడిసిపెట్టి చదివినవా? మీ అన్న పోయినప్పుడు పేపర్ల పడ్డ సావు కబురు గూడ చదివినవ్ నాకు. చదువు."

చదివిన. ఏం చెయ్యాలె? "పులి వచ్చినా లేవని అవ్వ" అని పైన పెద్ద అక్షరాలల్ల ఉన్నది. కింద, "ఎదురుగా ఉన్న వృద్ధుడు ఎంత గట్టిగా అరిచినా ఆమె నిద్రకు భంగం కలగలేదు. ఈ వీడియో సామాజిక మాధ్యమాల్లో నవ్వులు పూయిస్తోంది" అని ఉన్నది. అంతే. ఊరి పేరు లేదు, ఆమె పేరు లేదు, ఆమె చేస్తున్న పని పేరు లేదు. నా గొంతు అరుపైంది, ఆమె వినుడు నిద్రయింది. అదే పేపర్. నేను అక్షరాలు నేర్చుకున్న పేపర్. దాంట్ల రాలేదంటె అది జరగలేదని నేను అందరితోని వాదులాడిన పేపర్.

వదినె "ఆయీగ" అనలే. చేతిల ఉన్న బీడీకి దారం చుట్టుడు సగంల ఉండె. అది చుట్టింది, ముడి ఏసింది, చాటల పెట్టింది. కత్తెర తీసి చాటల పెట్టింది. "పొద్దు పోయింది మర్దీ" అని లేచింది. సూర్యుడు నెత్తి మీదనే ఉన్నడు.

అదే దినం సాయంత్రం గల్ఫుల నుంచి కొడుకు ఫోన్ చేసిండు. ఫోన్ల మాట సక్కగ వినపడదని ఆమె స్పీకర్ పెట్టుకుంటది. గోడ ఇవతల నాకు అంతా వినపడ్డది.

"అవ్వా, మా క్యాంపుల అందరు నిన్నే సూపిస్తుర్రు. పరాయి దేశపోళ్లు గూడ నవ్వుతుర్రు నాకు సూపిచ్చి."

"నేను నిద్రపోలే బిడ్డా."

"పోతె పోయినవ్, దాన్కేంది. గా అరుగు మీదికి ఎందుకు పోతవ్ అంట. ఇంట్ల కూసుండరాదు?"

ఆమె ఏమన్నదో వినపడలే.

మనుమరాలు కరీంనగర్ నుంచి నాకు ఫోన్ చేసి ఏడ్చింది. "నేను తీసేసిన తాతా, నా దాంట్ల ఇప్పుడు లేదు" అని. దాని దాంట్ల తీసేసింది. మిగిలినోళ్ల దాంట్ల ఎవలు తీస్తరు? "ఏడువకు బిడ్డా, నీదేం లేదు" అన్న. నిజంగనే దానిదేం లేదు.

నేను ఆ పేపర్ మడిచి చంకల పెట్టుకొని హుజూరాబాద్ బస్సెక్కిన. మా దిక్కు వార్తలు పంపే విలేకరి అక్కడ ఉంటడు. నా చిన్నతనంల ఒకపారి పేపర్ల ఒక ముసలాయన పోయిండని తప్పు పేరు పడ్డది. పోయింది ఇంకొకాయన. అప్పటి విలేకరి సైకిల్ మీద ఊరికొచ్చి, బతికున్నాయన కాళ్లు పట్టుకున్నంత పని చేసి, తెల్లారి పేపర్ల తప్పు దిద్దిచ్చిండు. ఆ ముసలాయన ఆ దిద్దిన ముక్కను కత్తిరిచ్చి గోడకు అంటిచ్చుకున్నడు, తను బతికే ఉన్ననన్నట్టు. అది యాదుంచుకొనే పోయిన నేను.

ఈ విలేకరి చిన్నోడు, మర్యాద తెలిసినోడు. కుర్చీ ఏసిండు, చాయ్ తెప్పిచ్చిండు. నేను పేపర్ ఇప్పి సూపిచ్చిన.

"గిది వార్త కాదు తాతా, సరదాకు ఏసినం."

"సరదా అయితె సరదా అని రాయి. ఆమె నిద్రపోయిందని రాసినవ్."

"వీడియోల గట్లనే ఉన్నది గదా."

"నువ్వొచ్చి సూసినవా?"

"అందరు సూసిన్రు గదా తాతా."

"అందరు గాదు. నువ్వు సూసినవా?"

ఆయన గ్లాసు కింద పెట్టిండు. కోపానికి రాలే. అలిసిపోయినట్టు మాట్లాడిండు. "నిజం చెప్త తాతా. పొద్దుగాల లేవంగనే పైనుంచి ఫోన్ వస్తది. ఫలానాది అందరి ఫోన్లల్ల తిరుగుతున్నది, మన పేజిల ఎందుకు లేదు అని. లేనిదానికి నాకు దినాం తిట్లు పడుతయి. తప్పున్నదానికి ఇప్పటిదాక ఎవ్వలు తిట్టలే. నువ్వే మొదలు."

నాకు ఆయన మీద కోపం సగం దిగింది. అదే నాకు ఇంకా మండింది. తిట్టుదామని ఇంత దూరం పోతె తిట్టడానికి మనిషి దొరకలే.

"అయితె దిద్దు" అన్న. "రేపు దిద్దు. ఆమె బీడీలు చేస్తున్నది, చేతులు బొమ్మల పట్టలేదు అని రాయి."

"రాస్త తాతా, కని ఎవ్వలు చదువుతరు? నవ్వినోళ్లెవ్వలు పేపర్ సూడలే. ఒక పని చేద్దాం." ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నడు. "నేనే వస్త. అవ్వను అరుగు మీద కూసోబెట్టు. కండ్లు మూసుకొని బీడీ చేసుడు, చేతులు దగ్గరగ తీస్త. ఎనుక నువ్వు పేపర్ చదువు. అప్పుడు ఇదే జనం శభాష్ అంటరు."

నేను లేచి వచ్చిన. కని ఆ మాట నా ఎంబడే బస్సెక్కింది.

బస్సుల పక్క సీట్ల ఒక పిల్ల ఫోన్ సూస్తున్నది. నేను గూడ సూసిన, పక్కన కూసున్నంక కండ్లు పోనే పోతయి. ఒక చిన్న పిల్ల బాయి గట్టు ఎక్కుతున్నది. తల్లి ఎనుకనుంచి ఉరికొస్తున్నది. ఈ పిల్ల వేలు పైకి జరిగింది. ఎవడో డాన్సు. వేలు జరిగింది. ఎవడో వంట. నాకు ఆ వంట, ఆ డాన్సు ఏం కనపడలే. నాలుగు స్టేజీలు పోయినంక ఆగలేక అడిగిన.

"బిడ్డా, గా బాయి మీది పిల్ల ఏమైంది?"

"ఏ పిల్ల?" అన్నది.

నిజంగనే యాదికి లేదు దానికి. నన్ను జర వింతగ సూసి, సీట్ల అటు జరిగి కూసున్నది.

ఇంటికొచ్చినంక వదినె పెరట్ల నల్లా కాడ ఉన్నది. గోడ మీది నుంచి విలేకరి చెప్పింది చెప్పిన. ఉన్నది ఉన్నట్టే చెప్పిన. వీడియో తీస్తరట, చేతులు సూపిస్తరట, అప్పుడు అందరికి తెలుస్తదట అని. లోపల్లోపల ఆమె ఒప్పుకోవాలని నాకు ఆశ ఉండె. ఒప్పుకుంటె ఆమె నవ్వులపాలు కాకుండ పోతది, మల్ల అరుగు మీదికి వస్తది. నాకు కావాల్సింది గదే. లోకం శభాష్ అననీ అనకపోనీ, ఆమె వచ్చి కూసోవాలె.

ఆమె బిందె నిండనిచ్చింది. నల్లా కట్టేసి అన్నది.

"నేను మేలుకొనే ఉన్ననని ఊరికి సూపియ్యాల్నా మర్దీ?"

"ఊరికి తెలువాలె గదా వదినె."

"నీకు తెల్వదా?"

"నాకెందుకు తెల్వది."

"నీకు తెలుసు గదా. ఇగ సాలు. ఫోన్ ముందట కూసుండి కండ్లు మూసుకుంటె నాకేం కనపడుతది? ఫోనే కనపడుతది."

"అయితె రేపు వస్తవా?"

బిందె చంకకెత్తుకొని నిలబడ్డది. "గల్లీల పోరగాండ్లు నన్ను సూస్తె గురక పెడుతుర్రు మర్దీ. నిన్న పాల కోసం పోతె పెట్టిన్రు. నేను రాను. నాకు చాతకాదు." లోపలికి పోయింది.

నేను ఆమె ఇంట్లకు పోయి చదువచ్చు. కని మొగడు లేని ఆడమనిషి ఒక్కతి ఉన్న ఇంట్ల మరిది పోయి దినాం కూసుంటె ఏమంటరో ఆమెకు తెలుసు, నాకు తెలుసు. అందుకే అన్నేండ్లు అరుగు మీద, అందరి కండ్ల ముందట కూసున్నం. ఆ అందరి కండ్లే ఇప్పుడు గిట్లయినయి.

కొన్నాళ్లు నేను పేపర్ నోరు మెదపకుండ చదువుకున్న. నా బతుకుల మొదటిసారి. ఎంత తొందరగ అయిపోతదో నాకు అప్పుడే తెలిసింది. కండ్లు అక్షరాల మీదికెల్లి జారిపోతయి, లోపలికి ఏం దిగది. మందమర్రి దిక్కు బొగ్గు బాయి కోసం ఒక ఊరు ఖాళీ చేస్తున్నరని చదివి, చాయ్ తాగేలోపల మర్సిపోయిన. నన్ను నేనే తిట్టుకున్న. బస్సుల పిల్లకు నాకు ఏం ఫరకున్నది?

అప్పటిసంది అరుగు మీద చదువుడు ఇడిసిపెట్టిన. మధ్యాహ్నం పేపర్ పట్టుకొని పెరట్లకు పోత. గోడ పక్కన కుర్చీ ఏసుకుంట. అవతల వదినె పెరడు. ఆమె ఆ టైముకు అక్కడ నీడల చాట పెట్టుకొని కూసుంటదో, ఇంట్లనే ఉంటదో తెల్వది. గోడ నా భుజం దాకనే ఉన్నది, నిలబడి తొంగి సూడొచ్చు. సూడను. సూసుడు మొదలుపెడితె నేను గూడ వాళ్లల్ల కలిసినట్టే. మడత ఇప్పి, మొదటి పేజి కాన్నుంచి చదువుత. ఒక్క మాట ఇడువను. జిల్లా పేజి గూడ చదువుత. పేపర్ తప్పు చేసిందని నేను చేయను.

మొన్న ఆ బొగ్గు బాయి ఊరి ముచ్చట మల్ల వచ్చింది. ఇండ్లు కూలగొడుతున్నరట, ఒక ముసలాయన తన ఇంటి దర్వాజ ఊడబెరుక్కొని నెత్తిన పెట్టుకొని పోయిండట. ఎక్కడికి పోయిండో రాయలే. అది చదివి ఆగిన. ఆగే జాగ అది, ఎవలన్న ఏమన్న అనే జాగ. అవతల సప్పుడు లేదు. ఎనుక సందులకెల్లి సైకిల్ మీద పోతున్న ఒకాయన ఆగి కంప మీది నుంచి తొంగి సూసిండు.

"ఎవలతోని కొట్లాట పెద్దాయనా?"

"కొట్లాట కాదు. చదువుతున్న."

"ఎవలకు?"

నేను పేపర్ సాపు చేసుకున్న. ఆయన ఇటు సూసిండు, అటు సూసిండు, ఎవ్వలు కనపడక పోయిండు.

ఆయన పోయినంక గోడ అవతల్నుంచి ఒక దగ్గు వినపడ్డది. చిన్న దగ్గు, ఒక్కటే. తంబాకు పొడి పీల్చేటోళ్లకు దగ్గు ఎప్పుడన్న వస్తది, పనిల ఉన్నా వస్తది, పండుకున్నా వస్తది. అది నాకు జవాబనుకునేటంత పిచ్చోన్ని కాదు నేను.

ఆ దర్వాజ ముచ్చట మల్ల మొదటిసంది చదివిన.